పగబట్టిన వీరుడు: బొగ్గు సీమ కథల్లో ఒక నాయకుడి చరిత్ర

తెలంగాణ పల్లెలు తరతరాలుగా విన్న పగ కథల్లో పెద్దది పరశురాముడిది. పెద్దపల్లి, మంథని చుట్టుపక్కల ఊళ్లలో ఎల్లమ్మ కొలుపు జరిగితే బైండ్లవాళ్లు జమిడిక మీద ఆ తల్లి కథ పాడతారు. కథకుడిని బట్టి కథ ఎంతో కొంత మారుతుంది కానీ మూలం ఒకటే. తండ్రి జమదగ్ని ఆజ్ఞాపిస్తే పరశురాముడు తల్లి ఎల్లమ్మ తల నరుకుతాడు. తర్వాత కార్తవీర్యుడి కొడుకులు జమదగ్నిని చంపితే అదే గొడ్డలి పట్టుకొని ఇరవైయొక్క మార్లు భూమి చుట్టి క్షత్రియులను నరుకుతాడు. వింటున్నవాళ్లకు అతడి కోపం న్యాయమైనదే అనిపిస్తుంది. అయినా అతణ్ణి మంచివాడని అనలేరు, ఎందుకంటే ఆ గొడ్డలికి మొదట అంటింది తల్లి నెత్తురు. మంచివాడని చెప్పలేని, అలాగని వదులుకోనూ లేని ఇలాంటి నాయకుడు ఒక్క కథతో ఆగుతాడా, రెండో కథలో, మూడో కథలో కూడా నిలుస్తాడా అన్న ప్రశ్న వీడియో గేముల కాలంలో గట్టిగా వినబడుతోంది. దానికి ఈ నేల మీద చాలా పాత జవాబు ఉంది.

పరశురాముడు తన కథతో ముగిసిపోలేదు. రామాయణం బాలకాండలో మళ్లీ కనిపిస్తాడు. పెళ్లి చేసుకొని అయోధ్యకు పోతున్న రాముడికి అడ్డం వచ్చి, విష్ణుధనుస్సు ఎక్కుపెట్టమని సవాలు చేసి, ఓడి, తపస్సుతో సంపాదించుకున్న లోకాలు పోగొట్టుకొని మహేంద్రగిరికి వెళ్లిపోతాడు. భారతంలో అంబ తరఫున భీష్ముడితో యుద్ధం చేస్తాడు, గెలవలేకపోతాడు. కర్ణుడికి అస్త్రవిద్య నేర్పి, కులం దాచాడని తెలిసి శపిస్తాడు. గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఈ తర్వాతి కథల్లో ఎక్కడా అతడికి ఇంకా పెద్ద శత్రువును, ఇంకా పెద్ద ఊచకోతను ఇవ్వలేదు. ఒకచోట ఓడించారు, ఒకచోట గురువును చేశారు, ఇంకోచోట అతడి కోపానికి ఒక అమాయక శిష్యుడు బలైపోవడం చూపించారు. పగ తీరాక ఆ మనిషి ఏమయ్యాడు అన్నదే ఆ కథలకు ప్రాణం. తిక్కన ఉద్యోగపర్వంలో ధర్మరాజు చేత కృష్ణుడికి చెప్పించిన మాట కూడా ఇదే తోవలోది. పగ ఉన్నవాడి మనసు పామున్న ఇంట్లో కాపురం ఉన్నట్టే ఉంటుందంటాడు ధర్మరాజు. పగ అంటే ఒక్కరోజు కొట్లాటగా తిక్కన చూడలేదు, ఏళ్లకేళ్లు ఇంట్లో చుట్టచుట్టుకొని ఉండే ప్రాణిగా చూశాడు.

ఈ కథలు విన్న పల్లెల మనుషులే తర్వాత బొగ్గుబాయిల్లోకి దిగారు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1871లో గుర్తించాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీకి 1886లో తవ్వుకునే హక్కులు దక్కాయి, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటా కొన్నది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. రామగుండం వైపు గనులు ఊపందుకున్నది 1960ల్లో. వాటి చుట్టూ పుట్టిన ఊరే గోదావరిఖని. 1978లో ఎన్‌టీపీసీ థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, ఎరువుల కర్మాగారమూ పక్కనే వచ్చింది. గోదావరిఖనిలో కాలనీల పేర్లలో కూడా బాయి నంబర్లే ఉంటాయి. ఎయిటింక్లైన్ కాలనీ అంటే ఎనిమిదో ఇంక్లైన్ మనుషులు ఉండే చోటు.

బొగ్గుబాయి మనిషికి పగబట్టడానికి కారణాలు తక్కువేమీ లేవు. కానీ పగ కథకు కావలసిన ముఖం అక్కడ దొరకదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. నీటి మీద ఎవరు పగబట్టగలరు? పైకప్పు కూలితే, గాలి ఆడకపోతే, తప్పు ఎవరిదన్నది విచారణ నివేదికల్లో, రక్షణ సూత్రాల్లో, ఎక్కడో దూరాన ఉన్న కార్యాలయాల్లో ముక్కలు ముక్కలుగా పంచుకొని ఉంటుంది. అందుకే ఈ సీమలో కోపం ఒక్కడి చేతి గొడ్డలిగా మారలేదు, సమ్మెగా మారింది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర ఈ జిల్లాల రైతుకూలీల కోపాన్ని వీధిలోకి తెచ్చింది. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె నడిచింది, ఆ ఏడే సింగరేణి కార్మిక సమాఖ్య, జనం నోట సికాస, పుట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో గనుల మీద నెత్తురు పారింది, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. ఆ కాలం చూసిన కుటుంబాలకు పగ అన్నది వెండితెర మాట కాదు.

వెండితెర మాత్రం శత్రువుకు ముఖం ఇచ్చింది. మాదాల రంగారావు 'యువతరం కదిలింది' (1980), 'ఎర్రమల్లెలు' (1981) తీశాడు. ఆర్. నారాయణమూర్తి 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం'తో మొదలుపెట్టి ఎర్ర సినిమాల దారి వేశాడు. దొర అనో, మోతుబరి అనో, రాజకీయ నాయకుడనో దోచుకునే వ్యవస్థ మొత్తం ఆ సినిమాల్లో ఒక మనిషిగా ఎదురుగా నిలబడేది, కొట్టడానికి వీలుగా. 1983లో వచ్చిన చిరంజీవి 'ఖైదీ' అదే కోపాన్ని జెండా లేకుండా చూపించింది. 1985లో టి. కృష్ణ 'ప్రతిఘటన'లో ఒక లెక్చరరమ్మ అందరూ చూస్తుండగా రౌడీ నాయకుడిని గొడ్డలితో నరుకుతుంది. పరశురాముడి ఆయుధం ఆడదాని చేతికి వచ్చిన ఆ ఘట్టం తెలుగు సినిమాలో పగ కథకు శిఖరమని చెప్పవచ్చు.

ఆ కాలపు పగ సినిమాలకు రెండో భాగాలు రాలేదు. నాయకుడు చివరికి చనిపోయేవాడు, లేదా పోలీసు జీపెక్కేవాడు. పగ తీరిందంటే మనిషి కథ కూడా తీరిందనే లెక్క. రెండో భాగం నిజానికి వేరే రూపంలో వచ్చేది. అదే నటుడు మరుసటి ఏడు ఇంకో పేరుతో, ఇంకో ఊళ్లో, ఇంకో దొర మీద అదే పగ మళ్లీ మొదలుపెట్టేవాడు. కిందటి సినిమాలో చేసిన హత్యల బరువు ఈ సినిమాలో అతడి భుజం మీద ఉండేది కాదు. ఏటా కొత్తగా పుట్టిన కోపం కాబట్టి అది పాతబడలేదు, కానీ పెరగనూ లేదు. పగబట్టిన మనిషికి జ్ఞాపకం లేకుండా చేయడమే ఆ పద్ధతిలోని పెద్ద లోపం.

జ్ఞాపకం ఉన్న పగను ఈ తరం పిల్లలు చూసింది వీడియో గేముల్లో. 2000ల్లో తెలుగు పట్టణాల నెట్ సెంటర్లలో బాగా ఆడిన ఆట 'వైస్ సిటీ'. అందులో టామీ వెర్సెట్టి పదిహేనేళ్లు జైల్లో ఉండి వచ్చి, తనను మోసం చేసినవాళ్లను ఏరేసి, నగరం మొత్తం చేతిలోకి తెచ్చుకుంటాడు. ఆ ఆట తీసినవాళ్లు మన పాత సినిమావాళ్ల దారే పట్టారు. తర్వాతి పెద్ద భాగంలో టామీ నాయకుడు కాడు, ఊరూ వేరు, మనిషీ వేరు. అదే దశకంలో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' రెండో దారి పట్టింది. ఒకే మనిషిని, అవే చేతులతో, భాగం తర్వాత భాగం నడిపించింది. పగ కథ ఎంతదూరం పోగలదో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ప్రపంచంలో లేదు.

2005లో వచ్చిన మొదటి భాగంలో క్రేటోస్ గ్రీకు స్పార్టా సేనాపతి. యుద్ధంలో ఓడిపోతున్నప్పుడు రణదేవుడు ఏరీస్‌కు ప్రాణం తాకట్టు పెట్టి గెలుస్తాడు. ఆ దేవుడి మాయలో పడి సొంత భార్యను, కూతురిని చంపుతాడు. చచ్చినవాళ్ల బూడిద అతడి ఒంటికి అంటుకొని ఎన్నటికీ పోకుండా శాపం తగులుతుంది. అందుకే ఆ తెల్లటి చర్మం. పరశురాముడిలా ఇతడి ఆయుధానికీ సొంత ఇంటి నెత్తురు అంటింది. ఏరీస్‌ను చంపి పగ తీర్చుకున్నాక 2007లో రెండో భాగం వచ్చింది. ఈసారి శత్రువు దేవతల రాజు జ్యూస్, అతడే తన తండ్రి అని కూడా తెలుస్తుంది. 2010లో మూడో భాగంలో క్రేటోస్ ఒక్కొక్క దేవుణ్ణీ చంపుకుంటూ పోతాడు. సముద్ర దేవుడు చస్తే సముద్రం ఊళ్లను ముంచుతుంది, సూర్యుడు చస్తే చీకటి కమ్ముతుంది. ఆట చూడటానికి అద్భుతంగా ఉంటుంది. అయినా మూడో భాగం వచ్చేసరికి క్రేటోస్ మనిషిగా చిక్కిపోయాడని ఒప్పుకోవాలి. శత్రువులు పెరిగారు, కోపం ఒకే స్థాయిలో అరుస్తూ ఉండిపోయింది. మొదటి భాగంలో అతణ్ణి నిద్రపోనివ్వని భార్యాబిడ్డల చావు మూడో భాగం రక్తపాతంలో చాలాసేపు వినబడదు.

2018లో అదే మనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి మంచుదేశంలో, గడ్డంతో, కొడుకు అట్రియస్‌తో. రెండో భార్య చనిపోయింది. ఆమె బూడిదను అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం మీద చల్లడానికి తండ్రీకొడుకులు బయలుదేరతారు. కథంతా ఇంతే. పాత కత్తులు ఇంటి నేల కింద దాచిపెట్టుకున్నాడు. కొడుకు జబ్బు పడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాటిని తవ్వి తీసుకోవలసి వస్తుంది. కత్తులను మళ్లీ చేతికి చుట్టుకునే ఆ ఘట్టంలో మాటలు తక్కువ. మూడు భాగాల్లో చేసిన పాపమంతా అక్కడ బరువుగా దిగుతుంది. ఆ భాగం చివర క్రేటోస్ ఒక తల్లిని కాపాడటానికి ఆమె కొడుకును చంపుతాడు. కాపాడబడిన ఆ తల్లి, ఫ్రేయా, అతడి మీద పగబడుతుంది. 2022లో వచ్చిన 'రాగ్నరాక్'లో ఆమె పగ అతడిని వెంటాడుతుంది, చివరకు ఇద్దరూ కలిసి నడవడం నేర్చుకుంటారు. పగబట్టినవాడు పగకు గురైనవాడయ్యాడు. క్రేటోస్‌ను ఇన్నేళ్లు బతికించింది ఈ మలుపే, చంపిన దేవుళ్ల సంఖ్య కాదు.

ఈ మలుపును తెలుగు తెర కూడా ఒకసారి తొక్కింది, అదీ 2010లోనే. రాంగోపాల్ వర్మ 'రక్తచరిత్ర' రెండు భాగాలు కొద్దివారాల తేడాతో వచ్చాయి. మొదటి భాగంలో తండ్రి హత్యకు పగ తీర్చుకున్న ప్రతాప్ రెండో భాగంలో శత్రువు స్థానంలోకి జరుగుతాడు. అతడి మీద పగబట్టిన సూరి, అతడి వల్ల కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడు, నాయకుడవుతాడు. ప్రేక్షకుడు మొదటిసారి చప్పట్లు కొట్టిన పనికే రెండోసారి తల వంచుకోవలసి వస్తుంది. సినిమాలో హింస చూపించిన తీరుతో ఒప్పుకోనివాళ్లు కూడా ఈ నిర్మాణాన్ని మెచ్చుకోవలసిందే. రాయలసీమ ముఠా కక్షల్లో ఇది కల్పన కాదు, కుటుంబాల జీవితం.

బొగ్గు సీమ మళ్లీ తెర మీదికి వచ్చింది ఈ రెండు భాగాల సినిమాల కాలంలోనే. ప్రశాంత్ నీల్ 'కేజీఎఫ్' రెండు భాగాలు (2018, 2022) కోలారు బంగారు గనులను పగకు, ప్రతిజ్ఞకు రంగస్థలం చేశాయి. తమిళ, తెలుగు కార్మికులు తరాలుగా పనిచేసి 2001లో మూతబడిన గనులవి. మొదటి భాగంలో గని కూలీల బతుకు కొంతైనా కళ్లకు కట్టింది. రెండో భాగంలో రాకీ సామ్రాజ్యం పెరిగేకొద్దీ కూలీలు జేజేలు కొట్టే గుంపుగా మిగిలారు. అదే దర్శకుడు ప్రభాస్‌తో 'సలార్' చిత్రీకరణను 2021 జనవరిలో గోదావరిఖని దగ్గరి బొగ్గుగనుల్లో మొదలుపెట్టాడు. 2023 డిసెంబర్ 22న మొదటి భాగం వచ్చింది. సింగరేణి ఓపెన్ కాస్ట్ గుంతల నలుపు, మట్టి గుట్టల ఎత్తు కెమెరాకు కావలసినంత గంభీరంగా కుదిరాయి. కథలోని ఖాన్సార్ మాత్రం ఊహా నగరం. ఆ నల్లటి నేలలో షిఫ్టుకు పోయే మనిషి జాడ ఎక్కడా ఉండదు. ఆ సీమను తెర మీద చూసి పొంగిపోయినవాళ్లకు ఇది చిన్న సంగతేమీ కాదు.

'దసరా' (2023 మార్చి 30) ఇందుకు పూర్తిగా వేరు. శ్రీకాంత్ ఓదెల మొదటి సినిమా, సింగరేణి గనుల పక్కన వీర్లపల్లి అనే ఊరు. కదిలే రైలు మీది బొగ్గు దొంగిలించి అమ్ముకునే ధరణి తాగుబోతు, పిరికివాడు. స్నేహితుడు సూరి హత్య అతణ్ణి కత్తి పట్టిస్తుంది. ఊళ్లోని సిల్క్ బార్, దాని చుట్టూ నడిచే ఓట్ల రాజకీయం, తాగుడుకు భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు, ఇవన్నీ ఆ పగకు వేళ్లు. చంపవలసినవాడు ఎవడో తేలడానికి ముందే వాణ్ణి పుట్టించిన ఊరు మనకు తెలుసు. రావణుణ్ణి కాల్చే దసరా రోజుతో కథ ముగుస్తుంది. సినిమాలో అతిశయం ఉంది, చివరి పోరాటం కొలత దాటింది, అయినా ధరణి గుర్తుండిపోతాడు. అతడి పగకు ఊరూ పేరూ ఉన్నాయి.

ఇదే పెద్దపల్లి జిల్లాలోని ఓదెల రెండు భాగాల పగ కథకు నేరుగా పేరు కూడా ఇచ్చింది. కాజీపేట-బల్లార్షా రైలు దారిలో ఉన్న ఈ ఊరు మల్లన్న క్షేత్రం. ఒగ్గు కథకులు డోలు వాయిస్తూ మల్లన్న కథ చెప్పే తావు. 2022లో ఓటీటీలో వచ్చిన 'ఓదెల రైల్వే స్టేషన్'లో, కొత్త పెళ్లికూతుళ్లను చంపుతున్నది తన భర్త తిరుపతేనని తెలుసుకున్న రాధ అతడి తల నరుకుతుంది. రైల్వే స్టేషన్, ఇస్త్రీ బట్టలు, ఇరుగుపొరుగు అనుమానాల మధ్య జరిగిన కథ అది. భయం అంతా పక్కింట్లో ఉన్న మనిషిదే. 2025లో వచ్చిన 'ఓదెల 2'లో చచ్చిన తిరుపతి ప్రేతమై పగ తీర్చుకోవడానికి తిరిగి వస్తాడు, అతడిని అణచడానికి నాగసాధువు రావలసి వస్తుంది. మొదటి భాగంలో వెన్ను జలదరింపజేసింది తిరుపతి మామూలుతనం. రెండో భాగం దాన్నే తీసేసింది. శక్తి పెరిగిన కొద్దీ అతడు పలచబడ్డాడు. క్రేటోస్ మూడో భాగంలో జరిగిందే ఇక్కడ రెండో భాగంలోనే జరిగింది.

2024 జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో నాగ్ అశ్విన్ భారతంలోని మరో పగవాణ్ణి వేల ఏళ్లు దాటించాడు. తండ్రి ద్రోణుడి చావుకు ప్రతిగా నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భంలోని పిండం మీద అస్త్రం వేసిన అశ్వత్థామ అతడు. సౌప్తికపర్వంలో శాపంతో అడవుల పాలైనవాడు, ఈ సినిమాలో ఇంకో గర్భాన్ని కాపాడే ముసలి కావలివాడుగా నిలుస్తాడు. అమితాబ్ బచ్చన్ వేసిన ఆ వేషం సినిమాలో అందరికన్నా బలంగా గుర్తుండటానికి కారణం అతడి ఎత్తూ పోరాటాలూ మాత్రమే అనుకుంటే పొరపాటు. గర్భం మీద చేసిన పాపాన్ని గర్భం దగ్గరే తీర్చుకోవడం అన్న పొందిక కథకు వెన్నెముక అయింది. కొడుకు ప్రాణం కోసం పాత కత్తులు తవ్వుకున్న క్రేటోస్‌కు ఇతడు దగ్గరి చుట్టం.

తండ్రి నుంచి కొడుక్కి అన్న ఈ వరస బొగ్గు సీమలో కథల్లోనే ఉండదు. తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడం సింగరేణిలో చాలాకాలం నడిచిన పద్ధతి. వారసత్వ ఉద్యోగాల మాట లేకుండా అక్కడ యూనియన్ ఎన్నికల ప్రచారం జరగదు. బాయి పని కొడుక్కి వస్తే ఆ పనిలోని ముప్పు కూడా వస్తుంది. అందుకని రెండో తరం అంటే ఏమిటో ఇక్కడి ప్రేక్షకుడికి వేరే చెప్పాల్సిన పని లేదు. తండ్రి చేసిన దాన్ని కొడుకు ఎలా మోస్తాడన్నది అడిగే రెండో భాగమే ఇక్కడ పట్టు నిలుపుకుంటుంది. ఇంకెంతమందిని చంపాడన్నది చెప్పే రెండో భాగం మొదటి ఆటతో చప్పబడుతుంది.

బైండ్లవాళ్లు జమిడిక మీద పాడే కథలో కొడుకు కోపం, కొడుకు గొడ్డలి, కొడుకు ఇరవైయొక్క దండయాత్రలు ఉన్నా, కొలుపు మాత్రం ఎల్లమ్మ పేరు మీదే జరుగుతుంది. తెల్లవారాక ఊరు బోనమెత్తి మొక్కేది ఆ గొడ్డలికి బలైన తల్లికి.